నెల్లూరు ఎండల్లో పిల్లల ప్రకృతి శిబిరాలు: నిమ్మతోట నుంచి మైపాడు దాకా

ఏప్రిల్ చివరి వారంలో బడులకు సెలవులు ఇచ్చినప్పటి నుంచి జూన్ 12న తిరిగి తెరిచే వరకు, నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చిన్నపిల్లలను ఆరుబయట తిప్పడం తేలికైన పని కాదు. అగ్నికార్తె వచ్చేసరికి ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే, రోహిణికార్తె సంగతి వేరే చెప్పనక్కరలేదు. అందువల్ల మూడు, ఐదు తరగతులు చదివే మా పిల్లలను, వారితోపాటు మా ఆడపడుచు కూతురిని తీసుకుని హైదరాబాదు నుంచి బయలుదేరే ముందు, ప్రతి శిబిరం వారినీ నేను మొదట అడిగిన ప్రశ్న ఎన్ని గంటలకు మొదలుపెట్టి ఎన్ని గంటలకు ముగిస్తారన్నదే. రుసుము, భోజనం, ఆటవస్తువుల గురించి ఆ తరువాతే అడిగాను. అన్నీ చూసి వచ్చాక కూడా నా అభిప్రాయం మారలేదు. తెల్లవారగానే మొదలై, ఎండ ముదరకముందే ముగిసి, ఆ నెలలో ఆ నేల మీద నిజంగా ఉన్నవాటినే చూపించే శిబిరమే పిల్లలకు తగినది.

అలాంటిది మాకు నెల్లూరుకు పడమరగా, పొదలకూరు వైపు ఒక నిమ్మతోటలో దొరికింది. పొదలకూరు, గూడూరు ప్రాంతాల నిమ్మ పంట గురించి తెలుగువారికి కొత్తగా చెప్పవలసిన పని లేదు గానీ, ఆ తోట ఒక ప్రాథమిక తరగతి గదిగా ఎంత బాగా పనికివస్తుందో నాకు అక్కడికి వెళ్లే వరకు తెలియదు. ఉదయం ఆరింటికి పిల్లలను చిన్న చిన్న జట్లుగా విడదీసి, ఒక్కొక్క జట్టుకు ఒక్కొక్క వరుస చెట్లను అప్పగించారు. ఆ వరుసలో ఏమేమి ఉన్నాయో వెతికి, చూసినదాన్ని పుస్తకంలో బొమ్మగా గీయడమే వారి పని. డ్రిప్పు నీళ్లు పారి కొత్త చిగుళ్లు వేసిన కొమ్మల మీద నిమ్మ సీతాకోకచిలుక గొంగళిపురుగులు ఉన్నాయి. అవి చిన్న వయసులో పిట్ట రెట్టను పోలిన రంగులో ఉండి, ఎదిగిన తరువాత ఆకుపచ్చగా మారతాయి. పుల్లతో మెల్లగా తాకితే తల వెనుక నుంచి రెండుగా చీలిన మెత్తని కొమ్మును బయటికి తీసి ఘాటైన వాసన వదులుతాయి. రంగు మారడమూ, వాసన వదలడమూ పక్షులు, చీమల నుంచి తప్పించుకోవడానికేనని శిబిరం నడిపే అమ్మాయి వెంటనే చెప్పేయకుండా, ముందు పిల్లల చేత రకరకాల ఊహలు చెప్పించి, ఆ తరువాతే అసలు సంగతి వివరించింది. ఆ ఓపిక నాకు ఎంతో నచ్చింది.

ఆ తోట కాపరిని పిల్లలు మొదటి రోజు నుంచే తాతా అని పిలవడం మొదలుపెట్టారు. గొంగళిపురుగు పంటకు చీడ కదా, దాన్ని ఎందుకు ఉంచారని మా అమ్మాయి అడిగితే ఆయన, “ఆకు తింటే నాకూ కోపమే పాపా, అయితే అన్నిట్నీ చంపేస్తే ఆ రెక్కలది ఎట్ట వస్తాది? లేత మొక్కల మీద మాత్రం ఏరేస్తాం, పెద్ద చెట్టుకు రెండాకులు పోతే ఏం కాదులే” అన్నారు. సేద్యానికీ ప్రాణులకూ మధ్య ఉండే లావాదేవీ పిల్లలకు ఆ రెండు మాటల్లో తెలిసివచ్చింది. ఆకులను ఒకదానితో ఒకటి కలిపి, తమ పిల్లపురుగుల నుంచి వచ్చే పట్టుదారంతో అతికించి గూడు కట్టుకునే ఎర్రచీమలను కూడా ఆయనే దూరం నుంచి చూపించారు. తొమ్మిదిన్నరకు అందరినీ చింతచెట్టు నీడకు చేర్చి రాగిజావ, మజ్జిగ, తాటిముంజలు ఇచ్చారు. పదిన్నరకు శిబిరం ముగిసింది. మరుగుదొడ్డి ఒక్కటే ఉండటం, ఆడపిల్లలు వరుసలో నిలబడవలసిరావడం ఈ శిబిరంలో నేను చూసిన లోటు. నిర్వాహకులకు ఆ మాట చెప్పే వచ్చాను. కుండల్లో చల్లని తాగునీరు, ప్రతి పిల్లవాడి తలకూ టోపీ, జట్టుకు ఇద్దరు పెద్దల కాపలా మాత్రం ఎక్కడా తప్పలేదు.

దీనికి దాదాపు రెట్టింపు రుసుము తీసుకున్న మరొక శిబిరం గురించి ఎక్కువ రాయవలసిన అవసరం లేదు. జాతీయ రహదారికి దగ్గరలో ఈతకొలను, కృత్రిమ వాన, తాళ్ల మీద నడక వంటి ఏర్పాట్లతో ఉన్న ఆ చోట కార్యక్రమం ఉదయం పదింటికి మొదలై సాయంత్రం నాలుగింటి వరకు సాగింది. పెద్ద గుంపుకు ఇద్దరే యువకులు ఉన్నారు. వారు మర్యాదస్థులే గానీ, ఆవరణలో ఉన్న చెట్ల పేర్లు కూడా వారికి తెలియవు. పిల్లలు ఆడుకున్నారు, సంతోషించారు, కాదనను. కాకపోతే దాన్ని ప్రకృతి శిబిరం అనడం సరికాదు, నడి ఎండలో రేకుల షెడ్డు కింద భోజనం పెట్టడం అంతకన్నా సరికాదు. వారి కరపత్రంలో మే నెలలో నేలపట్టుకు పక్షుల యాత్ర అని కూడా ఉంది. 2022లో తిరుపతి జిల్లాలో చేరినా, నెల్లూరు వారు ఇప్పటికీ తమదిగానే భావించే ఆ పక్షుల కేంద్రం నిజంగా గొప్ప చోటు. వానల తరువాత చెరువులో నీరు నిండినప్పుడు, ఆ నీటిలో నిలిచిన కడప చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గుంపులుగా గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. అయితే ఆ కాలం సుమారు అక్టోబరు నుంచి మార్చి వరకే. మే నెలలో పిల్లలను బస్సు ఎక్కించి అక్కడికి తీసుకువెళితే నీరు ఇంకిన చెరువును చూపించి తీసుకురావలసిందే. నేలపట్టునూ, పులికాట్ సరస్సులోని రాజహంసలనూ (ఫ్లెమింగోలనూ) డిసెంబరు, జనవరి నెలల సెలవులకు ఉంచుకోవడం మంచిది.

మైపాడు వైపు సముద్రతీరంలో జరిగిన శిబిరం మాత్రం సరిగ్గా వేసవికి తగినట్టు రూపొందించినది. తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరపడవల వేటపై నిషేధం ఉంటుంది. చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టి సంతతి పెంచుకునే కాలమని ఈ నియమం పెట్టారు. అందువల్ల మే నెలలో పడవలన్నీ ఒడ్డున ఉంటాయి, మత్స్యకారులు సరుగుడు తోపుల నీడలో వలలు బాగుచేసుకుంటూ ఉంటారు. ఈ తీరికను ఉపయోగించుకుని, శిబిరం వారు ఊరి మత్స్యకారులనే గురువులుగా పెట్టుకున్నారు, పూట కూలికి తగ్గకుండా వారికి డబ్బు కూడా ఇస్తున్నారని విని నాకు మరింత గౌరవం కలిగింది. వల కన్ను చిన్నదైతే ఏమవుతుంది, పెద్దదైతే ఏమవుతుంది అన్నది ఒక పెద్దావిడ పిల్లల వేళ్లను ఆ కన్నుల్లో దూర్పించి చూపించింది. నిషేధం వల్ల మీకు కష్టం కదా అని మా అబ్బాయి అడిగితే, “కష్టమే అబ్బయ్యా, అయినా కడుపుతో ఉన్న చేపను ఇప్పుడే పట్టేస్తే రేపు మా వలలో ఏం పడతాది?” అంది. ఇసుక పీతల బొరియలు, అలలు తెచ్చి పడేసిన గవ్వలు, చిప్పలు, సరుగుడు వేర్లు ఇసుకను పట్టి ఉంచే తీరు, ఇవన్నీ ఎనిమిదిన్నర లోపే చూపించి పిల్లలను నీడకు చేర్చారు. చీలమండ దాటి నీటిలోకి ఎవరినీ వెళ్లనివ్వలేదు. పైకి ప్రశాంతంగా కనిపించినా లోపల ఈడ్చే తీరం అది. ఈ విషయంలో మొహమాటపడని శిబిరం మీదే నాకు నమ్మకం.

తాబేళ్ల గురించి కూడా వారు నిజాయితీగా మాట్లాడారు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరంలో ప్రధానంగా జనవరి నుంచి మార్చి వరకు రాత్రివేళ ఒడ్డుకు వచ్చి ఇసుకలో గుంట తవ్వి, ఒక్కొక్కటి సుమారు వంద గుడ్లు పెడతాయి. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. ఇసుక వేడిని బట్టి పుట్టేది ఆడదా మగదా అన్నది నిర్ణయమవుతుందని, వేడి ఎక్కువైతే ఆడపిల్లలే ఎక్కువగా పుడతాయని విన్నప్పుడు మా పిల్లలు చాలాసేపు ఆ మాటే మాట్లాడుకున్నారు. మే నెలలో కనిపించే అవకాశం తక్కువని ముందే చెప్పి, ఖాళీ అయిన గుంటనూ ఎండిన గుడ్డు పెంకులనూ మాత్రమే చూపించారు. పిల్ల తాబేలును చేతిలో పెట్టి ఫొటో తీయిస్తామని ఎవరైనా చెబితే ఆ శిబిరానికి వెళ్లకపోవడమే మేలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటిని అత్యున్నత రక్షణ జాబితాలో ఉంచింది.

బస విషయానికి వస్తే, తీరంలో గది తీసుకుంటే పిల్లలు తెల్లవారుజామున లేవడం సులభమవుతుందని అనుకున్నాం. మేము దిగిన చోట రాత్రి కరెంటు పోయినప్పుడు జనరేటరు ఫ్యాన్లకే పనిచేసింది, ఉప్పునీటి స్నానం పిల్లలకు పడలేదు. తరువాత నెల్లూరు పట్టణంలోకి మారాం. మైపాడు అక్కడికి సుమారు 25 కిలోమీటర్లే కాబట్టి, డ్రైవరు ముందురోజే మాట ఇస్తే ఉదయం ఐదింటికి బయలుదేరి సులభంగా అందుకోవచ్చు. పిల్లలతో వెళ్లేవారికి పట్టణంలో బసే మంచిదని నా సలహా. మంచినీరు, మందుల దుకాణం, పిల్లల వైద్యుడు దగ్గరలో ఉంటారు. మధ్యాహ్నమంతా చల్లని గదిలో పడుకోబెట్టడానికి వీలుంటుంది. హైదరాబాదు నుంచి వచ్చేవారికి రాత్రి సింహపురి ఎక్స్‌ప్రెస్ అనుకూలం. ఒంగోలు, నెల్లూరు రెండింటిలోనూ ఆగే తిరుపతి వందేభారత్ కూడా ఉంది.

ఒంగోలులో ఉన్నది తక్కువ సమయమే. కొత్తపట్నం తీరంలోని శిబిరం మైపాడు దానికి చిన్న నకలులా ఉంది, నిర్వాహకులు ఇంకా నేర్చుకుంటున్నారు. అయితే చదలవాడ పశుక్షేత్రంలో ఒంగోలు జాతి ఎద్దులను చూడటం పిల్లలకు పండుగలా గడిచింది. బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో పెంచే పశువుల మూలం ఈ జాతేనని తెలిసి, అంత దూరం ఓడలో ఏం తినిపించి తీసుకెళ్లారని అక్కడి పశుపోషకుణ్ణి వదలకుండా అడిగారు. వెళ్లేముందు అనుమతి అడిగి వెళ్లాలి.

డబ్బు కట్టేముందు తల్లిదండ్రులు తప్పక అడగవలసినవి మరికొన్ని ఉన్నాయి. పిల్లలతో ఒంటరిగా ఎవరుంటారు, వారి గురించి ఎవరు విచారించారు, పాము కాటుకు మందు ఉండే దగ్గరి ఆసుపత్రి ఏది, 108 వాహనం అక్కడికి వచ్చే దారి ఉందా అన్నవి అడగడానికి సంకోచించకూడదు. నిమ్మతోటలో ఓఆర్ఎస్ పొట్లాలను లీటరు నీటికి ఒకటి చొప్పున ఏ రోజుకారోజు కలిపి ఉంచారు, ఆ పని ఒక్కరికే అప్పగించారు. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా వడగాడ్పుల హెచ్చరిక ఇచ్చిన రోజున వారు ముందురోజు సాయంత్రమే ఫోను చేసి శిబిరాన్ని రద్దుచేశారు, ఆ రోజు రుసుమును మేము అడగకుండానే తిరిగి పంపారు.