మా కెమెరా క్లబ్‌లో మూడు సీజన్లు: మార్కుల కోసమైతే చేరకండి

విశాఖలో నెలనెలా కలిసే ఒక కెమెరా క్లబ్‌లో నేను చేరి మూడేళ్లు నిండాయి. చేరమంటారా అని ఈమధ్య ముగ్గురు నలుగురు అడిగారు. తప్పకుండా చేరండి. అయితే పోటీల్లో గెలుద్దామని మాత్రం వద్దు. ఎందుకో చెబుతాను.

ప్రతి నెలా రెండో ఆదివారం సాయంత్రం ద్వారకానగర్‌లో ఒక అద్దె హాల్లో కలుస్తాం. సీజన్ ఆగస్టులో మొదలై జూన్‌లో ముగుస్తుంది. ఆగస్టు 19 ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం కాబట్టి మొదటి సమావేశానికి కాస్త పండగ కళ ఉంటుంది. ఈ నెల అంశం ఇస్తారు, వచ్చే నెల ఫొటోలు పట్టుకెళ్లాలి. ముగ్గురు జడ్జీలు, ఒక్కొక్కరికి పది చొప్పున 30 మార్కులు. సభ్యత్వం ఏడాదికి 1,500 రూపాయలు.

అసలు విలువంతా ఒక నియమంలో ఉంది. ఫొటో తెర మీద పడ్డాక అయిదు నిమిషాలు జడ్జీలు మాట్లాడతారు. అంతసేపూ తీసినవాళ్లు నోరు విప్పకూడదు. ఎవరు తీశారో కూడా చెప్పరు.

మొదటి ఏడాది నా ఫొటో ఒకటి పడింది. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారకముందు వేలం దగ్గర గంపతో నిలబడ్డ ఒక అమ్మ. దానికోసం నాలుగింటికే లేచి వెళ్లాను, చేపల నీళ్లలో చెప్పులు తడిశాయి, ఆవిడతో కూర్చుని టీ తాగాను. ఇవన్నీ నాకు ఆ ఫొటోలో కనిపిస్తున్నాయి. జడ్జిగారు లేచి తెర దగ్గరికి వెళ్లి, కుడివైపు మూలన అరచేయి పెట్టారు. అక్కడొక నీలం ప్లాస్టిక్ టబ్బు ఉంది. చేయి తీశారు, మళ్లీ పెట్టారు. ‘ఇప్పుడు చూడండి, ఆవిడ ముఖం కనిపిస్తోందా?’ అన్నారు. నిజంగానే అప్పుడు కనిపించింది. తీసేటప్పుడు ఆ టబ్బును నేను చూడనే లేదు. 30కి 14 వచ్చాయి. ఇంటికెళ్లేదాకా గొంతులో ఏదో అడ్డం పడ్డట్టే ఉంది. ఆ రోజు నుంచి మీట నొక్కే ముందు నాలుగు మూలలూ చూసుకుంటాను. ఇది యూట్యూబ్‌లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఒంటికి పట్టింది మాత్రం ఆ అరచేయి చూశాకే.

ప్రకృతి విభాగంలో పట్టుదల ఎక్కువ. ఏమీ చెరపకూడదు, ఏమీ అతికించకూడదు, మనిషి చేసిన వస్తువు కనిపించకూడదు. కొండకర్ల ఆవ సరస్సులో తాటి దోనె మీద రెండు గంటలు కూర్చుని తీసిన కొంగ ఫొటో, అది వాలింది పాతిన వెదురు గడ మీద కావడంతో పక్కన పెట్టేశారు. బాధేసింది కానీ నియమం సరైనదే. గూళ్ల దగ్గర తీసిన ఫొటోలు అసలు తీసుకోరు. ఈ ఒక్క విషయంలో క్లబ్బును ఎంత మెచ్చుకున్నా తక్కువే.

మన ఊరి గాలికి లెన్సులు ఎలా బూజు పడతాయో తెలిసిందే. గాలి చొరని డబ్బా, సిలికా జెల్ పొట్లాలు, తేమ కొలిచే చిన్న మీటరు, దాని ముల్లు 40–50 శాతం మధ్య. ఒక పెద్దాయన ఇవన్నీ దగ్గరుండి కొనిపించారు.

లోపాలూ ఉన్నాయి. హాల్లోని ప్రొజెక్టర్ ఎరుపును ఇటుక రంగులోకి దించేస్తుంది. ఎర్రమట్టి దిబ్బల ఫొటో ఏది పెట్టినా అన్యాయమే. అందుకే ఏడాదికి రెండుసార్లు జరిగే ప్రింట్ల పోటీ వదలకండి. 12×18 అంగుళాల ప్రింటు చేతిలోకి తీసుకుని కిటికీ వెలుగులో చూస్తుంటే ఆ తృప్తే వేరు. సమావేశం రాత్రి తొమ్మిది దాటేది. గాజువాక అవతలి నుంచి వచ్చే మా ఆడవాళ్లకు అది కష్టం. రెండేళ్లు అడగ్గా అడగ్గా గంట ముందుకు జరిపారు.

నన్ను ఎక్కువ నొప్పించేది వేరే. సూర్యోదయంలో గుండ్రంగా విచ్చుకున్న విసురు వల ఫొటో ప్రతి సీజన్‌లోనూ బహుమతి కొట్టేస్తుంది. జాలరికి డబ్బులిచ్చి ఖాళీ వలను పదేపదే విసిరించి తీసినవే అందులో ఎక్కువ. అందంగా ఉంటాయి, కాదనను. చేపల్లేని చోట వల వేయించి దాన్ని బతుకు చిత్రం అనడం నాకు నచ్చదు. సమావేశంలోనే ఈ మాట అన్నాను. కొందరు ముఖం చిట్లించారు.

కిందటి మే నెలలో ‘హార్బర్’ అంశం ఇస్తే చాలామంది గొణిగారు. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదా, బోట్లన్నీ కట్టేసి ఉంటాయి, ఏం తీస్తామని. ఆ నెల వచ్చినన్ని మంచి ఫొటోలు నేను మరెప్పుడూ చూడలేదు. రంగులు వేస్తున్నవాళ్లు, ఇంజన్లు విప్పినవాళ్లు, బోటు నీడలో పేకాట. నేను వల బాగుచేస్తున్న ఒకాయన చేతులు తీశాను. వల దారాన్ని కాలి బొటనవేలికి తగిలించి బిగబట్టి, చిరుగు దగ్గర ఒక్కొక్క కన్నూ అల్లుతున్నారు. 26 మార్కులు వచ్చాయి, ఫొటోలో బోటును బాగా కత్తిరించి చేతులకే చోటిచ్చావని జడ్జీలు మెచ్చుకున్నారు.

ప్రింటు తీసుకెళ్లి ఆయనకు ఇచ్చాను. చేతులు తుడుచుకుని అందుకుని చాలాసేపు చూశారు.

‘బాగుందమ్మా. మరి మా బోటు నంబరు సగమే పడిందేటి?’

జూన్ 15 తెల్లవారుజామున మళ్లీ వెళ్లాను. ఈసారి నంబరు మొత్తం వచ్చేలా, వేటకు బయల్దేరుతున్న బోటును తీశాను. ఆ ఫొటోను ఏ పోటీకీ పంపలేదు. ఒక్కటే ప్రింటు వేయించాను, అది వాళ్లింట్లో ఉంది.