షియాన్‌లో హాన్‌ఫు ఫొటోలు: ప్రకటనలో 99 యువాన్లు, చేతికొచ్చిన బిల్లు 1,617

చైనాలోని షియాన్ వెళ్ళాలనుకునేవాళ్ళు బయానా కట్టకముందే ఇది చదవండి. కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకి 2025 అక్టోబరులో నేరు విమానం మళ్ళీ మొదలైంది కాబట్టి ఇకమీదట మనవాళ్ళు ఇంకా ఎక్కువమంది వెళ్తారు. వెళ్ళినవాళ్ళు ఆ పాతకాలం చైనా దుస్తులు, అంటే హాన్‌ఫు వేసుకుని ఫొటో దిగకుండా రారు. మేమూ అలాగే వెళ్ళాం.

మావారి ఉద్యోగం వల్ల రెండేళ్ళుగా సుజౌలో ఉంటున్నాం. నాకు చైనీస్ కూరగాయల బేరానికి సరిపడా వచ్చు, చదవడం మాత్రం రాదు. అదే మా కొంప ముంచింది. హైదరాబాద్ నుంచి మా ఆడపడుచు వస్తే ఇద్దరం షియాన్ బయల్దేరాం. అక్కడ బిగ్ వైల్డ్ గూస్ పగోడా ముందు ఫొటో దిగాలని నాకు ఎప్పటినుంచో కోరిక. చిన్నప్పుడు సోషల్ పుస్తకంలో చదువుకున్న హ్యూయన్‌త్సాంగ్ మన ధాన్యకటకం దాకా వచ్చి, 645లో ఈ ఊరికే తిరిగి చేరాడు. ఆయన ఇండియా నుంచి మోసుకెళ్ళిన గ్రంథాల కోసమే 652లో ఆ పగోడా కట్టారు. ఇప్పుడు ఏడంతస్తులు, 64 మీటర్ల ఎత్తు. దాని ముందు ఆయన విగ్రహం కూడా ఉంది. అమరావతి చూసినాయన ఊళ్ళో ఒక ఫొటో, అంతే నేను అడిగింది.

ఒక యాప్‌లో ప్రకటన చూశాం. దుస్తులు, మేకప్, తల అలంకరణ, ఫొటోలు అన్నీ కలిపి మనిషికి 99 యువాన్లు. యువాన్ అంటే మనకి పన్నెండు రూపాయల పైమాటే. అయినా ఫర్వాలేదనిపించింది. బొమ్మలో వెనక పగోడా వెలిగిపోతోంది. ముందు రోజు రాత్రే 100 యువాన్లు పంపి సాయంత్రం నాలుగింటికి టైమ్ తీసుకున్నాం.

దుకాణం లోపలికి వెళ్ళాక 99 అన్న రేటు ఒక్క స్టాండుకే అని తెలిసింది. దాని మీద వేలాడుతున్నవి ఉతికి ఉతికి వెలిసిపోయినవి, ఒకదానికి చంక దగ్గర కుట్టు ఊడి ఉంది. పక్క గదిలో కళకళలాడేవి 299. మేం మొహమొహాలు చూసుకున్నాం. వద్దు, వెళ్ళిపోతాం అంటే కౌంటర్ దగ్గరి అమ్మాయి నవ్వు చెరగకుండా ఫోన్లో మేం పంపిన 100 చూపించి, "డింగ్‌జిన్, వెనక్కి రాదు" అంది. డింగ్‌జిన్ అంటే ముందుగా కట్టే సొమ్ము.

"వదినా, వంద వదిలేద్దాం, పద" అని మా ఆడపడుచు అప్పుడే అంది. నేనే వినలేదు. పన్నెండొందలు ఊరికే ఎందుకు పోగొట్టుకోవాలి అనుకున్నాను. ఇద్దరం 299వే తీసుకున్నాం. గోరంత పోతుందని కొండంత వదిలించుకున్నాం.

ఆ తర్వాత అన్నీ వరసగా వచ్చి పడ్డాయి. కుర్చీలో కూర్చోబెట్టి సగం మేకప్ వేశాక, తాంగ్ రాజుల కాలం నాటి కొప్పు కావాలంటే సవరం మనిషికి 80 అన్నారు. కనురెప్పలకి అతికించే వెంట్రుకలు 30. సగం మొహంతో లేచి ఎక్కడికి పోతాం? మా బొట్లు తీసి నుదుట ఎర్రటి పువ్వు బొమ్మ అతికించారు, దాన్ని హువాద్యెన్ అంటారు. అదొక్కటి మాత్రం నాకు నిజంగా నచ్చింది. ఇక ప్యాకేజీలో ఫొటోలంటే దుకాణంలో తెర ముందు తీసే మూడేనట. బయటికి ఫొటోగ్రాఫర్ రావాలంటే ఇద్దరికీ కలిపి 399. దుస్తులకి విడిగా 300 డిపాజిట్, దాన్ని యాజిన్ అంటారు.

బయటికి వచ్చేసరికి చీకటి పడి దీపాలు పెట్టేశారు. పగోడాకి దక్షిణంగా రెండు కిలోమీటర్ల పొడవునా నడక వీధి, మన జాతరలో ఉన్నంత జనం, అందులో సగం మంది మాలాగే పట్టుబట్టల్లో. గంట అన్న ఫొటోగ్రాఫర్ నలభై నిమిషాల్లో ముగించాడు. నాలుగే చోట్లు, ప్రతి చోటా క్యూ. విసనకర్ర మొహానికి అడ్డం, గడ్డం కిందకి, భుజం మీద నుంచి వెనక్కి చూపు. పగోడా, పగోడా అని నేను చేత్తో చూపిస్తూనే ఉన్నాను, తల ఊపుతూనే ఉన్నాడు. చివరికి వచ్చిన ఒక్క ఫొటోలోనూ పగోడా లేదు. వెనకంతా మసక మసక దీపాలు. మా ఊరి పెళ్ళి పందిట్లో తీశామన్నా నమ్మేస్తారు.

అసలు నొప్పి కంప్యూటర్ ముందు. మొత్తం 186 ఫొటోలు. మా ప్యాకేజీలో సరిదిద్ది ఇచ్చేవి 8. మిగతావి కావాలంటే ఒక్కోటి 30, అక్కర్లేకపోతే ఇప్పుడే తీసేస్తారట. ఒక్కో ఫొటో తెర మీద పెట్టడం, మా మొహం చూడడం, "ఉంచనా, తీసేయనా?" అనడం. మా ఆడపడుచు పగలబడి నవ్వుతున్న ఫొటో ఒకటి నా కళ్ళ ముందే డిలీట్ అయింది. "అయ్యో వదినా, అది బాగుంది కదా!" అనేసింది. భాష రాకపోయినా ఆ గొంతు ఆ అమ్మాయికి అర్థమైపోయింది. తర్వాతి ఫొటోల దగ్గర మౌస్ మీద వేలు పెట్టి ఇంకాస్త ఎక్కువసేపు ఆగడం మొదలుపెట్టింది. పది అదనంగా కొన్నాం.

దుస్తులు తిరిగిచ్చేటప్పుడు అంచుకి మరక ఉందని డిపాజిట్‌లో 100 కోసుకున్నారు. నేల మీద ఈడ్చుకుంటూ నడిచే బట్టకి అంచు మాయకుండా ఎలా ఉంటుందో వాళ్ళకే తెలియాలి. ఆ మరక ముందే ఉందని నా అనుమానం, కానీ రుజువు లేదు. అంతా కలిపి 1,617.

వారం తర్వాత ఫొటోలు వచ్చాయి. మా ఇద్దరిదీ చామనఛాయ. ఫొటోల్లో సున్నం కొట్టిన గోడల్లా ఉన్నాం, ముక్కులు సన్నబడిపోయాయి, నా గడ్డం మీద పుట్టుమచ్చ మాయం. వాట్సాప్‌లో పంపితే మా అమ్మ ఫోన్ చేసి "ఇందులో నువ్వెవరే?" అని అడిగింది.

సుజౌలో మా పక్కింటి చైనా ఆవిడకి ఆ రసీదు చూపిస్తే, విషయం అంతా మొదటి అక్షరంలోనే ఉందని చెప్పింది. డింగ్‌జిన్ అని పలికే మాటలు రెండున్నాయి. పలకడం ఒక్కటే, రాత వేరు. మొదటి అక్షరానికి పైన ఇంటి కప్పు లాంటి గీత ఉంటే అది మన బయానా లాంటిది, మనం మానుకుంటే పోతుంది. ఎడమ పక్కన చుక్క, దాని కింద కొక్కెం లాంటి గీత ఉంటే మామూలు అడ్వాన్స్, అది వెనక్కి అడగొచ్చు. మాది కప్పు ఉన్న రకమే. కానీ దానికీ హద్దుంది. 2021 నుంచి అమల్లో ఉన్న వాళ్ళ పౌర స్మృతి ప్రకారం అలాంటి బయానా మొత్తం ఒప్పందంలో 20 శాతం దాటకూడదు, దాటిన సొమ్ముకి ఆ నియమం వర్తించదు. మా ఒప్పందం 198. అంటే మేం వదులుకోవాల్సి వచ్చినా 40 యువాన్లు కూడా కాదు. ఈ ముక్క ఆ రోజు తెలిసుంటే అక్కడి నుంచే లేచి వచ్చేసేదాన్ని.

అందుకే డబ్బు పంపేముందే చాట్‌లో అనువాదం పెట్టుకుని అడగండి: ఏ దుస్తులు, సవరం కలిపా, ఎన్ని నిమిషాలు, ఏయే చోట్లు, సరిదిద్దినవి ఎన్ని, మిగతా ఒరిజినల్స్ అన్నీ ఇస్తారా. జవాబు రాతలో ఉండాలి, ఫోన్లో వాయిస్ మెసేజ్ వద్దు. దుస్తులు ఒంటి మీదకి రాకముందే అంచులు, చంకలు వీడియో తీసుకోండి. మన రంగుకి సరిపోయే ఫౌండేషన్ మీరే పట్టుకెళ్ళండి, అక్కడ ఉన్నవన్నీ పాలిపోయిన షేడ్‌లే. ఎడిటింగ్‌కి ముందు "బుయావ్ మేయ్‌బాయ్" అని చెప్పండి, తెల్లబరచొద్దు అని. మే ఒకటి, అక్టోబరు ఒకటి సెలవుల్లో అయితే అసలు వెళ్ళకండి, అప్పుడు ఆ వీధిలో పగోడా కాదు కదా, ముందున్న మనిషి వీపు తప్ప ఏమీ కనిపించదు.

గొడవైతే అక్కడ అరిచి లాభం లేదు. వినియోగదారుల ఫిర్యాదుకి 12315 నంబరుంది. మా తరఫున పక్కింటావిడే చేసింది. రెండు రోజుల్లో మరక పేరుతో కోసిన 100 వెనక్కి వచ్చింది. మిగతాదానికి మీరే ఒప్పుకుని కట్టారు కదా అన్నారు.

ఆ మర్నాడే దుకాణం నుంచి ఒక మెసేజ్. ఐదు స్టార్లు ఇచ్చి నాలుగు మంచి మాటలు రాస్తే ఇంకో మూడు ఫొటోలు ఉచితంగా సరిదిద్ది పంపుతారట. డిలీట్ చేశామన్న ఆ నవ్వుతున్న ఫొటో కూడా అందులో ఉంది.