మెక్‌డేవిడ్ రెండేళ్ల సంతకం, కాల్గరీ వైపు నుంచి: పక్‌పీడియా రివ్యూ

హాకీ జీతాల లెక్కలు చూడాలంటే నేను తెరిచేది పక్‌పీడియా. ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఏ ఆటగాడికి ఎంత ఇస్తున్నారు, ఎన్నేళ్లకు, ఎప్పుడు గడువు తీరుతుంది, జట్టు చేతిలో ఇంకా ఎంత మిగిలింది, అన్నీ అక్కడ ఒకేచోట దొరుకుతాయి. కాల్గరీ ఫ్లేమ్స్ అభిమానిని కాబట్టి మా జట్టు పేజీ ఎలాగూ చూస్తాను. కానీ ఈ సైట్ ఎంత పనికొస్తుందో నాకు బాగా తెలిసింది మాత్రం మా ప్రత్యర్థి ఎడ్మంటన్ ఆయిలర్స్ పేజీలో, వాళ్ల స్టార్ ఆటగాడు కానర్ మెక్‌డేవిడ్ పేరున్న వరుస దగ్గర.

2025 అక్టోబర్ 6న మెక్‌డేవిడ్ ఆయిలర్స్‌తో కాంట్రాక్టు పొడిగించుకున్నాడు. రెండేళ్లు, ఏడాదికి 1.25 కోట్ల డాలర్లు. 2017లో ఎనిమిదేళ్లకు 10 కోట్లు ఒప్పుకున్నప్పుడు ఏడాదికి ఎంతో, ఇప్పుడూ అంతే. దానికి వారం ముందే మిన్నెసోటా వైల్డ్‌తో కిరిల్ కాప్రిజోవ్ ఏడాదికి 1.7 కోట్ల చొప్పున ఎనిమిదేళ్లకు సంతకం పెట్టాడు. లీగ్ చరిత్రలో అంత పెద్ద కాంట్రాక్టు అంతకుముందు లేదు. మెక్‌డేవిడ్ అంతకు మించి అడుగుతాడనే అందరం అనుకున్నాం.

మా తమ్ముడు ఉండేది ఎడ్మంటన్‌లో. వార్త వచ్చిన వెంటనే ఫోన్ చేశాడు.

"చూశావా అక్కా, ఒక్క డాలరు కూడా పెంచమనలేదు!"

"చూశాన్రా. రెండేళ్లే ఇచ్చాడు, అది కూడా చూడు."

మా ఇద్దరి మాటా నిజమే. వాడు డబ్బు చూశాడు, నేను ఏళ్లు చూశాను. పక్‌పీడియాలో ఈ రెండూ ఒకే వరుసలో కనబడతాయి. జట్టు పేజీలో ఆటగాళ్ల పేర్లు కిందికి, సీజన్లు అడ్డంగా ఉంటాయి. ఒక్కొక్కరి జీతం ఎన్ని గళ్ల దాకా సాగిందో చూస్తే చాలు, ఆ జట్టు ఎవరిని నమ్ముకుందో, ఎవరు ఆ జట్టును ఎంతవరకు నమ్మారో తెలిసిపోతుంది. ఆయిలర్స్‌లోనే ఆడే లియాన్ డ్రైసైటిల్‌ది 1.4 కోట్ల చొప్పున 2032-33 దాకా సాగుతుంది. మెక్‌డేవిడ్‌ది 2027-28తో ఆగిపోతుంది. ఆ తర్వాతి గడిలో అతను ఏ జట్టుకైనా వెళ్లగలిగే ఫ్రీ ఏజెంట్.

ఇక్కడ మా ఫ్లేమ్స్ వాళ్లు చాలామంది ఆ ఆఖరి గడి చూసి పండగ చేసుకుంటున్నారు. 2028లో వెళ్లిపోతాడు, ఎడ్మంటన్ పని అయిపోయింది అని. నేను ఒప్పుకోను. ముందున్న రెండు గళ్లు కూడా చూడాలి కదా!

జీతం అంకె ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు, దాన్ని ఆ సీజన్ క్యాప్‌తో భాగించాలి. క్యాప్ అంటే ఒక జట్టు ఆటగాళ్లందరి మీదా కలిపి పెట్టగలిగే ఖర్చుకు లీగ్ గీసిన హద్దు. మెక్‌డేవిడ్ పాత కాంట్రాక్టు మొదలైన 2018-19లో ఆ హద్దు 7.95 కోట్లు. అప్పుడు అతనొక్కడే దాదాపు పదహారు శాతం తీసుకునేవాడు. 2026-27కి లీగ్ ముందుగా ప్రకటించిన హద్దు 10.4 కోట్లు, ఆ తర్వాతి సీజన్‌కి 11.35 కోట్లు. అదే 1.25 కోట్లు మొదట పన్నెండు శాతానికి, తర్వాత పదకొండుకి దిగుతాయి. ఒక ఆటగాడికి, సంతకం పెట్టే సీజన్ క్యాప్‌లో ఇరవై శాతం దాకా ఇవ్వొచ్చని రూలు. 2025-26 క్యాప్ 9.55 కోట్లు, అంటే అతను ఏడాదికి 1.91 కోట్ల దాకా అడగగలిగేవాడు. ఏడాదికి అరవై ఆరు లక్షలు వదిలేశాడు. ఆ డబ్బుతో మంచి డిఫెన్స్‌మన్‌ని తెచ్చుకుని ఇంకా మిగుల్చుకోవచ్చు. ఒకే సీజన్‌లో 153 పాయింట్లు (గోల్స్, అసిస్ట్‌లు కలిపి) కొట్టినవాడు, లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీ మూడుసార్లు గెలిచినవాడు ఈ ధరకి దొరకడం ప్రత్యర్థిగా నాకు భయంగానే ఉంది.

నాకు అర్థమైనంతలో ఆయిలర్స్‌కి అతను చెప్పింది ఇది: డబ్బు మీకు వదిలేస్తున్నా, కాలం మాత్రం వదలను. 2024లో స్టాన్లీ కప్, అంటే లీగ్ టైటిల్, ఫైనల్ ఏడో మ్యాచ్‌లో పోయింది, 2025లో ఆరో మ్యాచ్‌లో పోయింది, రెండుసార్లూ ఫ్లోరిడా పాంథర్స్ చేతిలోనే. 2024లో ఓడిన జట్టులో ఉండి కూడా ప్లేఆఫ్స్‌లో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే కాన్ స్మైత్ ట్రోఫీ అతనికే ఇచ్చారు. అంతకంటే ఒక మనిషి ఇంకేం ఆడతాడు? మిగతాది మేనేజ్‌మెంట్ చేయాలి. ఎనిమిదేళ్లకు సంతకం పెట్టేస్తే వాళ్లకి తొందరెందుకుంటుంది? ఆయిలర్స్ అంటే నాకు గిట్టదు, కానీ ఈ నిర్ణయంలో నాకు తప్పు కనబడలేదు. ఇంత నిజాయితీగా గడువు పెట్టిన స్టార్ ఆటగాళ్లు అరుదు.

నిజం చెప్పాలంటే ఇందులో అసూయ కూడా ఉంది. 2022 ప్లేఆఫ్స్ రెండో రౌండ్‌లో మా స్టేడియం సాడిల్‌డోమ్‌లోనే ఓవర్‌టైమ్‌లో గోల్ కొట్టి మమ్మల్ని ఇంటికి పంపింది మెక్‌డేవిడే. ఆ వేసవిలోనే మా స్టార్ జానీ గాడ్రో కొలంబస్‌కి వెళ్లిపోయాడు. మా ఇంకో స్టార్ మాథ్యూ ట్కాచుక్ కాల్గరీలో ఎక్కువకాలం ఉండనని చెప్పడంతో ఫ్లోరిడాకి ట్రేడ్ చేశారు. అక్కడ అతను ఎడ్మంటన్ మీదే రెండు కప్పులు గెలిచాడు. సంతోషించాలో ఏడవాలో నాకు ఇప్పటికీ తెలియదు. గాడ్రో 2024 ఆగస్టులో తమ్ముడితో పాటు రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. అతని పేరు టైప్ చేయాలంటే ఇప్పటికీ చెయ్యి ఆడదు.

ట్కాచుక్ బదులు వచ్చిన జొనథన్ హ్యూబర్డోకి ఏడాదికి 1.05 కోట్ల చొప్పున ఎనిమిదేళ్లు రాసిచ్చారు. ఫ్లోరిడాలో ఆఖరి సీజన్‌లో 115 పాయింట్లు చేసినవాడు ఇక్కడ మొదటి సీజన్‌లో 55 దగ్గర ఆగాడు. మా పేజీలో అతని వరుస 2030-31 దాకా పోతుంది. పక్‌పీడియాలో బైఅవుట్ (గడువుకు ముందే కొంత డబ్బు కట్టి కాంట్రాక్టు రద్దు చేసుకోవడం) కాలిక్యులేటర్ కూడా ఉంది. మామూలుగా ఇరవై ఆరు దాటినవాళ్లను వదిలించుకోవాలంటే మిగిలిన జీతంలో మూడింట రెండొంతులు కట్టాలి, దాన్ని మిగిలిన ఏళ్లకు రెట్టింపు కాలం మీద పరచాలి. సైనింగ్ బోనస్‌లలో మాత్రం పైసా తగ్గదు. 2026 వేసవిలో ఆ పని చేస్తే హ్యూబర్డో పేరు 2035-36 దాకా మా లెక్కల్లో ఉంటుంది. జట్టు మీద కోపంలో ఏదేదో అనేసే ముందు ఆ కాలిక్యులేటర్ ఒకసారి చూడాలి.

ఇలాంటి సైట్ ఉచితంగా దొరకడం చిన్న విషయం కాదు. ఇలాంటిదే అయిన క్యాప్‌గీక్ సైట్ 2015లో మూతపడింది. తర్వాత అందరం అలవాటుపడ్డ క్యాప్‌ఫ్రెండ్లీని 2024లో వాషింగ్టన్ క్యాపిటల్స్ కొనేసుకుంది. ఒక జట్టే కొనుక్కుందంటే ఆ లెక్కల విలువ ఎంతో ఆలోచించండి. ఆ ఖాళీలో అభిమానులకు ఆసరాగా నిలబడింది పక్‌పీడియానే.

కొత్తగా హాకీ చూస్తున్నవాళ్లు నేరుగా కాలిక్యులేటర్ల జోలికి పోవద్దు. ముందు మీ జట్టు పేజీ తెరిచి, ఎక్కువ జీతం ఉన్న అయిదుగురి వరుసలు ఎక్కడ ఆగుతున్నాయో చూడండి. తర్వాత మీకు గిట్టని జట్టు పేజీలోనూ అదే పని చేయండి. నాకైతే ఆయిలర్స్ పేజీలో ఎవాన్ బుషార్డ్ లాంటి పేర్లు తగులుతాయి. 1.05 కోట్లు, నాలుగేళ్లు. అంటే హ్యూబర్డోకి మేమిచ్చే డబ్బే, సగం కాలానికి, ఇంకా ఇరవైల్లో ఉన్న డిఫెన్స్‌మన్‌కి.

పక్‌పీడియాకి నా రేటింగ్ అయిదుకి అయిదు. మెక్‌డేవిడ్ కాంట్రాక్టుకి, ఆయిలర్స్ కొన్న బేరంగా చూస్తే, నాలుగున్నర. ఆ అర తగ్గించింది అతను ఫ్రీ ఏజెంట్ అయ్యే 2028 జూలై 1 కోసం. ఆ రోజుకి మా ఫ్లేమ్స్ క్యాప్‌లో పెద్ద ఖాళీ ఉండాలని నా కోరిక. మా తమ్ముడికి ఈ మాట అప్పుడే చెప్పేశాను, ఇంకా కోపంగానే ఉన్నాడు.