డబ్బు మీరు కట్టినా డొమైన్ మీ పేరు మీద ఉండకపోవచ్చు: మన తిరుపతి వ్యాపారులకు హెచ్చరిక

తిరుపతి, శ్రీకాళహస్తి, చిత్తూరు వైపు దుకాణమో, లాడ్జియో, చీరల వ్యాపారమో నడుపుతూ, "డొమైన్, హోస్టింగ్, సర్టిఫికెట్ అన్నీ కలిపి ఇంత" అనే ప్యాకేజీ కొన్నవాళ్ళు, కొనబోతున్నవాళ్ళు దయచేసి ఇది చివరిదాకా చదవండి. డొమైన్ అంటే మీ వెబ్‌సైట్ పేరు, హోస్టింగ్ అంటే ఆ సైటు ఉండే చోటు, సర్టిఫికెట్ అంటే సైటుకూ చూసేవాళ్ళకూ మధ్య సమాచారం భద్రంగా వెళ్ళేలా చేసేది. నేను పదకొండేళ్ళుగా వెబ్‌సైట్లు తయారుచేసి బతుకుతున్నాను. అయినా మోసపోయాను. నష్టం మాత్రం నన్ను నమ్మిన ఒక అక్కకు జరిగింది. ఆ బరువుతోనే రాస్తున్నాను.

అక్కది శ్రీకాళహస్తి. కలంకారీ చీరలు, దుపట్టాలు చేత్తో వేస్తుంది. కరోనా వల్ల ప్రదర్శనలన్నీ ఆగిపోయాక, 2021 మొదట్లో, "తమ్ముడూ, నా పని నాలుగు ఊళ్ళ వాళ్ళకు కనపడేలా ఏదైనా చెయ్యి" అని అడిగింది. వెబ్‌సైట్ నేను తయారుచేశాను. డొమైన్, హోస్టింగ్ మాత్రం తిరుపతిలోనే ఒక అమ్మకందారు దగ్గర తీసుకున్నాను. మా ఇంటి నుంచి బండి మీద ఐదు నిమిషాల దూరం. బోర్డు ఉంది, టీ ఇచ్చి కూర్చోబెట్టే మనిషి ఉన్నాడు. ఏదైనా తేడా వస్తే వెళ్ళి అడగవచ్చు కదా అనుకున్నాను. మూడేళ్ళ డొమైన్, "జీవితకాల" హోస్టింగ్, సర్టిఫికెట్ కలిపి ఒకే బిల్లు ఇచ్చాడు. ఆ బిల్లు మీద "వెబ్‌సైట్ ప్యాకేజీ" అని తప్ప డొమైన్ పేరు ఎక్కడా లేదు. నేను అడగలేదు. ఇక్కడే నా మొదటి తప్పు జరిగింది.

రెండో తప్పు ఇంకా పెద్దది. డొమైన్ ఏ ఈమెయిల్‌తో, ఎవరి పేరున నమోదైందో చూడలేదు. అతను తన సొంత ఖాతాలో, తన పేరున, తన ఈమెయిల్‌తో నమోదు చేసుకున్నాడు. డబ్బు అక్కది, పేరు అక్కది, అచ్చు వేయించిన కార్డులు అక్కవి. రికార్డుల్లో యజమాని మాత్రం అతను.

2024 ఫిబ్రవరిలో మూడేళ్ళు పూర్తయ్యాయి. డాట్ కామ్ పేరుకు ఏడాదికి వెయ్యి రూపాయలు, కాస్త అటూ ఇటూగా అవుతుంది. అతను మూడు రెట్లకు పైగా అడిగాడు. వాదించినా తగ్గలేదు. పేరు పోతుందన్న భయంతో ఇంకో ఏడాదికి కట్టేశాం. ఇక ఇతని దగ్గర ఉండకూడదని అప్పుడే అనుకున్నాను. పనుల ఒత్తిడిలో నవంబరు దాకా కదల్లేదు. నవంబరులో వెళ్ళి ట్రాన్స్‌ఫర్ కోడ్ ఇవ్వమన్నాను. డొమైన్‌ను ఒక రిజిస్ట్రార్ (డొమైన్ పేర్లను నమోదు చేసే కంపెనీ) దగ్గర నుంచి మరొకరి దగ్గరకు మార్చాలంటే ఆ కోడ్ ఉండాలి. "అరవై రోజుల లాక్ ఉందన్నా, అయ్యాక ఇస్తాను" అన్నాడు.

ఈ మాట మీకూ వినిపించవచ్చు, అందుకే వివరంగా చెబుతున్నాను. అరవై రోజుల లాక్ అనేది నిజంగానే ఉంది. పేరు కొత్తగా నమోదైన 60 రోజుల్లో గానీ, ఒక రిజిస్ట్రార్ నుంచి మరొకరికి మారిన 60 రోజుల్లో గానీ సాధారణంగా మళ్ళీ మార్చనివ్వరు. యజమాని వివరాలు మార్చినప్పుడూ కొన్నిసార్లు ఆ లాక్ పడుతుంది. అక్క డొమైన్ వయసు అప్పటికి మూడున్నరేళ్ళు దాటింది. దాన్ని ఎవరూ ఎక్కడికీ మార్చలేదు. ఏ లాక్? అడిగితే "సిస్టమ్‌లో అలా చూపిస్తోంది" అన్నాడు. తర్వాత "హైదరాబాదు వాళ్ళు పంపాలి" అన్నాడు. సంక్రాంతి తర్వాత ఫోను ఎత్తడం మానేశాడు. ఫిబ్రవరిలో వెళ్ళి చూస్తే బోర్డు లేదు. షట్టర్ మీద "అద్దెకు ఇవ్వబడును" అని కాగితం అంటించి ఉంది.

2025 ఫిబ్రవరి 14న డొమైన్ గడువు తీరింది. ఆ రోజే సైటు ఆగిపోయింది. డాట్ కామ్ లాంటి పేర్లకు నియమాలు పెట్టే ఐకాన్ సంస్థ లెక్క ప్రకారం రిజిస్ట్రార్ గడువుకు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి, తీరాక ఐదు రోజుల్లోపు ఇంకోసారి గుర్తుచేయాలి. గుర్తుచేసే ఉంటారు. ఆ ఉత్తరాలన్నీ అతని ఈమెయిల్‌కే వెళ్ళాయి. పేరు నమోదైన అసలు రిజిస్ట్రార్‌ను వెతికి పట్టుకుని ఫోను చేశాను. రెన్యువల్ డబ్బు ఇప్పుడే కడతాను, రెండింతలైనా కడతాను అన్నాను. అవతల అమ్మాయి చాలా మర్యాదగా, "మా రికార్డుల్లో ఉన్న కస్టమర్ మీరు కాదండీ" అంది. యజమాని కోరితే ఐదు రోజుల్లో ట్రాన్స్‌ఫర్ కోడ్ ఇవ్వాలనే నియమం కూడా ఉంది. అది వర్తించేది రికార్డుల్లో పేరున్న యజమానికే.

గడువు తీరిన పేరు వెంటనే చెయ్యిజారిపోదు. రిజిస్ట్రార్‌ను బట్టి 45 రోజుల దాకా మామూలు రుసుముతో తెచ్చుకోవచ్చు. అది దాటి పేరును తొలగిస్తే మరో 30 రోజుల రిడెంప్షన్ గడువు ఉంటుంది. అప్పుడు చాలా ఎక్కువ రుసుము కట్టి తెచ్చుకోవచ్చు. ఆ తర్వాత ఐదు రోజులు ఎవరూ ఏమీ చేయలేరు. ఆరో రోజున అది బజారులో పడుతుంది. ఈ ఎనభై రోజులూ నేను రోజూ పొద్దున్నే లేచి ఆ పేరు స్థితి ఏమిటో చూసేవాణ్ణి. తలుపు కళ్ళ ముందే ఉంది, తాళంచెవి ఊరు వదిలిపోయినవాడి జేబులో ఉంది. మే మొదటి వారంలో బయటికి వచ్చిన నిమిషాల్లోనే ఎవరో ఎగరేసుకుపోయారు. వదిలేసిన పేర్లను పట్టుకోవడానికే కొందరు యంత్రాలు పెట్టి కూర్చుంటారు. నాలుగేళ్ళుగా నడిచిన పేరుకు గూగుల్‌లో గుర్తింపు ఉంటుంది, పాత లింకులు ఉంటాయి, వాళ్ళకు అదే కావాలి.

వారం తర్వాత హైదరాబాదు నుంచి ఒక కస్టమర్ అక్కకు ఫోను చేసింది. "చీరకున్న ట్యాగు స్కాన్ చేస్తే పేకాట పేజీ వస్తోందండీ, ఇది మీదేనా?"

అక్క ప్రతి చీరకూ ఒక చిన్న అట్టముక్క కడుతుంది. దాని మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది. స్కాన్ చేస్తే ఆ చీర ఎన్ని రోజులు వేసింది, ఏ రంగు దేనితో చేసింది, అన్నీ చూపించే పేజీ తెరుచుకునేది. ఆ ఆలోచన నాదే. రెండు వేల ట్యాగులు వేయించాం. పద్నాలుగు వందలకు పైగా చీరలతో ఊళ్ళు దాటిపోయాయి. ఇప్పుడు వాటిలో ప్రతి ఒక్కటీ పేకాటకు దారి చూపిస్తోంది. చీర మీద రామాయణం, ట్యాగులో జూదం.

ఆ రోజే బస్సెక్కి శ్రీకాళహస్తి వెళ్ళాను. పాలు, కరక్కాయ నీళ్ళలో తడిపిన బట్ట దండెం మీద ఆరుతోంది. అక్క కింద కూర్చుని, మిగిలిన ట్యాగులు ముందేసుకుని, చేతిలోని కలంతోనే ఆ నల్ల గడుల మీద రంగు పూస్తోంది. ఇనుప ముక్కలు, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెట్టిన రంగు అది. కరక్కాయ పట్టిన బట్ట మీద పెడితే చూస్తుండగానే నల్లబడుతుంది. అట్ట మీద కరక్కాయ లేదు కదా, అందుకే అక్కడ పలచటి మట్టిరంగు మరకలా మాత్రమే పడుతోంది. ఎన్నిసార్లు పూసినా కింద గడులు కనిపిస్తూనే ఉన్నాయి. నా ఫోను పెట్టి చూస్తే ఇంకా స్కాన్ అవుతోంది. అక్క నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "దీని మీద నల్లరంగు పట్టదు తమ్ముడూ" అని మాత్రం అంది. బజారుకెళ్ళి మార్కర్ పెన్నులు తెచ్చి, ఇద్దరం చీకటి పడేదాకా కూర్చుని కొట్టేశాం.

ఆ రాత్రే ఇంకో భయం పట్టుకుంది. డొమైన్ ఎవరిదైతే ఆ పేరు మీద వచ్చే ఈమెయిళ్ళూ వాళ్ళవే. అక్క ఇన్‌స్టాగ్రామ్ ఖాతా, జీఎస్టీ లాగిన్, కొరియర్ ఖాతా అన్నీ ఆ డొమైన్ పేరుతో ఉన్న పాత ఈమెయిల్‌కే ముడిపడి ఉన్నాయి. కొత్త యజమాని "పాస్‌వర్డ్ మరిచిపోయాను" అని నొక్కితే చాలు, ఆ లింకు అతనికే వెళ్తుంది. తెల్లవారేలోగా అన్నింటిలోనూ ఈమెయిల్ మార్చేశాను. అదృష్టం బాగుండి ఏమీ పోలేదు. మీ పేరు గడువు దాటిందని తెలిస్తే అన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఇదే. సైటు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

న్యాయపరంగా ఏముందో చూశాను. ట్రేడ్‌మార్క్ ఉన్నవాళ్ళకు యూడీఆర్‌పీ అనే వివాద పరిష్కార పద్ధతి ఉంది. జెనీవాలోని వైపో (ప్రపంచ మేధో సంపత్తి సంస్థ) దగ్గర ఒక్క పేరుకు, ఒక్క సభ్యుడి ప్యానెల్‌కు రుసుమే 1,500 డాలర్లు. అక్కకు ట్రేడ్‌మార్కూ లేదు, అంత డబ్బూ లేదు. అమ్మినవాడి మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాం. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళాలంటే సమస్య తలెత్తిన రెండేళ్ళలోపు వెళ్ళాలి. ఐదు లక్షల లోపు కొనుగోలుకు రుసుము లేదు. కానీ చేతిలో కాగితం ఉండాలి. మా బిల్లులో డొమైన్ పేరే లేదని ముందే చెప్పాను. యూపీఐ చెల్లింపులు, వాట్సాప్ మాటలు దాచుకోవడం వల్లే ఈ మాత్రమైనా అడగగలుగుతున్నాం.

ఇప్పుడు ఇలాంటి ప్యాకేజీ మీ చేతిలో ఉంటే ఈ రోజే ఒక పని చేయండి. మీ డొమైన్ ఏ రిజిస్ట్రార్ దగ్గర ఉందో, గడువు ఎప్పుడో ఐకాన్ వారి లుకప్ పేజీలో ఉచితంగా కనిపిస్తుంది. అక్కడ యజమాని పేరు కనపడకపోతే కంగారు పడకండి. 2018 నుంచి వ్యక్తుల వివరాలను చాలామటుకు దాచే ఉంచుతున్నారు. అందుకే అసలు పరీక్ష వేరే ఉంది. ఆ రిజిస్ట్రార్ సైటులో మీ సొంత ఈమెయిల్, మీ ఫోనుకు వచ్చే ఓటీపీతో లాగిన్ అయి ఆ పేరు మీ ఖాతాలో చూడగలగాలి. "లాగిన్ మా దగ్గర భద్రంగా ఉంటుంది, మీకెందుకు శ్రమ" అని ఎవరైనా అంటే ఆ పేరు మీది కాదని అర్థం. గడువు ఇంకా ఆరు నెలలు ఉండగానే, మాటలు తీపిగా ఉండగానే, పేరును మీ ఖాతాలోకి మార్పించుకోండి. నేను చేసినట్లు నవంబరు దాకా ఆగకండి.

"జీవితకాలం" అనే మాట వినపడితే లేచి వచ్చేయండి. డాట్ కామ్ పేరును ఒకేసారి పదేళ్ళకు మించి ఎవరూ నమోదు చేయలేరు. జీవితకాల హోస్టింగ్ అంటే అమ్మినవాడి దుకాణం జీవితకాలం. మాకది నాలుగేళ్ళే అయింది. సర్టిఫికెట్ కోసం ఏడాదికి రెండు వేల అయిదు వందల చొప్పున వసూలు చేశాడని కూడా చెప్పాలి. బ్రౌజర్‌లో సర్టిఫికెట్ వివరాలు తెరిచి చూస్తే జారీ చేసినవారు లెట్స్ ఎన్‌క్రిప్ట్ అని ఉంది. లాభాపేక్ష లేని ఆ సంస్థ 2015 నుంచి వాటిని ఉచితంగా ఇస్తోంది. అమర్చినందుకు కూలి తీసుకుంటే నాకు అభ్యంతరం లేదు, నేనూ తీసుకుంటాను. ఉచితంగా వచ్చినదానికి ఏటా ధర కట్టడం వేరు. డొమైన్ ఒకచోట, హోస్టింగ్ ఒకచోట కొనడం కూడా మంచిది. హోస్టింగ్ వాడు మాయమైతే సైటును మరోచోట నిలబెట్టుకోవచ్చు, పేరు మన చేతిలో ఉంటుంది కాబట్టి.

లాడ్జీలు, ట్రావెల్స్ నడిపేవాళ్ళకు ప్రత్యేకంగా చెబుతున్నాను. మన ఊరికి వచ్చే భక్తులను దర్శనం, గదుల పేరుతో నకిలీ వెబ్‌సైట్లు దోచుకుంటున్నాయని తితిదే ఎన్నోసార్లు హెచ్చరించింది. మీ పాత పేరు అలాంటివాళ్ళ చేతిలో పడితే మీ లాడ్జి బొమ్మలే పెట్టి అడ్వాన్సులు వసూలు చేయగలరు. రాత్రి పదకొండింటికి పిల్లలతో రైలు దిగి మీ కౌంటర్ ముందు నిలబడి, "డబ్బు కట్టాం కదండీ" అనే కుటుంబానికి ఏం చెబుతారు?

తోటి డెవలపర్లకూ ఒక మనవి. కస్టమర్ పేర్లను మన ఖాతాలో పెట్టుకోవడం మనకు సులువే. రేపు మనకు ఏదైనా జరిగితే వాళ్ళ గతి ఏమిటి? నా ఖాతాలో ఉన్న ఆరుగురి డొమైన్లను ఈ రెండు నెలల్లో వాళ్ళ వాళ్ళ ఖాతాల్లోకి మార్చేశాను. ఇద్దరికి ఈమెయిల్ కూడా లేదు, కూర్చోబెట్టి తెరిపించాను.

అక్క కొత్త పేరును తన ఫోనులో తనే నమోదు చేసుకుంది. నేను పక్కన కూర్చున్నాను, అంతే. ఓటీపీ తన ఫోనుకు వచ్చింది, బిల్లు తన పేరున వచ్చింది, దాన్ని అచ్చు తీయించి బ్యాంకు పుస్తకంలో పెట్టుకుంది. మీ ఇంట్లో గానీ, తెలిసినవాళ్ళ దగ్గర గానీ 2021 నుంచి 2025 మధ్య కొన్న శ్రీకాళహస్తి కలంకారీ చీర ఉండి, దాని ట్యాగు స్కాన్ చేస్తే పేకాట పేజీ తెరుచుకుంటే, అక్కడ ఫోను నంబరు, ఓటీపీ లాంటివి ఏవీ ఇవ్వకండి. ఆ ట్యాగు చించేయండి. చీర అసలైనదే.