రైఫిల్ స్టాక్ మార్చడానికి కొన్న పనిముట్లు: ఏళ్లుగా వాడాక ఏవి పనికొచ్చాయి, ఏవి దండగ

ముందే చెప్పేస్తున్నా, రైఫిల్ స్టాక్ (భుజానికి ఆనించే, లోహ భాగాలన్నిటినీ పట్టి ఉంచే చెక్క లేదా ప్లాస్టిక్ దిమ్మ) మార్చడం కష్టమైన పనేం కాదు. రూగర్ 10/22 లాంటి చిన్న సెమీ ఆటోమేటిక్ రైఫిల్ అయితే తిప్పాల్సినవి రెండే స్క్రూలు. రెండే కదా, కిచెన్ డ్రాయర్లో పడున్న స్క్రూడ్రైవర్ చాల్లే అనుకునేవాళ్ల కోసమే ఇది రాస్తున్నా.

నేనుండేది టెక్సాస్‌లో, డాలస్ పక్కన. నా దగ్గర ఒక 10/22 కార్బైన్, ఒక రెమింగ్టన్ 700 (ప్రతి తూటాకూ చేత్తో బోల్ట్ లాగే బోల్ట్ యాక్షన్ రకం) ఉన్నాయి. ఇవి కాక షూటింగ్ రేంజ్‌లో పరిచయమైన మనవాళ్లు శనివారం పూట "అన్నా, కొంచెం ఈ స్టాక్ మార్చిపెడతావా" అని తెచ్చేవి ఉంటాయి. (హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు ఒక మాట. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమిగ్రెంట్ వీసా ఉన్నవాళ్లు తుపాకీ కానీ తూటాలు కానీ దగ్గర పెట్టుకోకూడదు, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. ఫ్రెండు చెప్పాడని కొనేయకండి, లాయర్‌ని అడగండి. నేను గ్రీన్ కార్డు వచ్చేదాకా ఆగాను.) అలాగే కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీలో ఉన్నవాళ్లు పొడవు సర్దుకునే స్టాక్ కొనే ముందు రాష్ట్ర చట్టం చూసుకోండి, సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లకు అక్కడి రూల్స్ వేరు.

ఇక అసలు విషయం. అన్నిటికంటే ఎక్కువ వాడింది, డబ్బు వసూలైందని ఒట్టేసి చెప్పగలిగింది గన్‌స్మిత్ స్క్రూడ్రైవర్ బిట్ల సెట్. నాది బ్రౌనెల్స్ వాళ్ల మాగ్నా టిప్. ఒకే హ్యాండిల్, దానికి మార్చుకునే బిట్లు. హార్డ్‌వేర్ షాపులో దొరికే స్క్రూడ్రైవర్ మొనను పక్క నుంచి చూడండి, పైన మందంగా ఉండి కిందికి వచ్చేకొద్దీ సన్నబడుతుంది. దాన్ని స్క్రూ గాడిలో పెడితే అడుగుదాకా కూర్చోదు, గాడి పై అంచుల్ని మాత్రమే పట్టుకుంటుంది, బలంగా తిప్పగానే పైకి లేచిపోతుంది, లేచేటప్పుడు ఆ అంచును చీల్చుకుంటూ పోతుంది. గన్‌స్మిత్ బిట్‌ను రెండు పక్కలా లోపలికి వంపు వచ్చేలా సానపడతారు, దాన్నే హాలో గ్రౌండ్ అంటారు, అందువల్ల మొన దగ్గర రెండు ముఖాలూ సమాంతరంగా ఉంటాయి, గాడి అడుగుదాకా నిండుగా కూర్చుంటుంది, ఎంత బలం పెట్టినా పక్కకు జారదు.

సైజు చూడటంలో కూడా రెండు కొలతలున్నాయి, చాలామంది ఒకటే చూస్తారు. మొన మందం గాడి వెడల్పుకు సరిపోవాలి, బిట్ వెడల్పు స్క్రూ తల వెడల్పుకు సరిపోవాలి. మందం తక్కువైతే గాడి చెడుతుంది. వెడల్పు ఎక్కువైతే స్క్రూ చుట్టూ ఉన్న చెక్క మీద, బ్లూయింగ్ (ఉక్కు మీది నల్లటి పూత) మీద గుండ్రంగా గీత పడుతుంది, అది మళ్లీ పోదు. నేనైతే బిట్ పెట్టి, హ్యాండిల్ బిగించకుండా వేళ్లతో అటూ ఇటూ కదిలించి చూస్తాను. టకటకా ఆడితే ఆ బిట్ కాదు, తర్వాతది తీయాలి. ఇన్ని బిట్లు ఎందుకురా బాబూ అని మొదట్లో విసుక్కున్నాను కానీ, ఓ మిత్రుడి పాత మౌజర్ 98 వచ్చినప్పుడు తెలిసింది అవసరం. దాని ట్రిగ్గర్ గార్డ్ స్క్రూల పక్కన, అవి వదులు కాకుండా పట్టి ఉంచే చిన్న లాక్ స్క్రూలు ఉంటాయి, ముందు వాటి సంగతి చూడాలి. అంత చిన్న గాడికి, పక్కనున్న పెద్ద గాడికి ఒకే మొన ఎలా సరిపోతుంది?

సెకండ్ హ్యాండ్ రైఫిల్ కొనేటప్పుడు నేను బ్యారెల్ కంటే ముందు స్క్రూ తలలే చూస్తాను. గాడి అంచులు చిట్లి, తెల్లగా లోహం మెరుస్తుంటే లోపల కూడా ఎవడో ఇష్టమొచ్చినట్టు చెయ్యి పెట్టాడని అర్థం. బేరం ఆడటానికి కూడా పనికొస్తుంది లెండి.

రెండోది టార్క్ డ్రైవర్, అంటే ఎంత బలంతో బిగించాలో అంకె పెట్టుకునే స్క్రూడ్రైవర్. దీని పేరెత్తితే నవ్వేవాళ్లున్నారు, "చేతికి తెలీదా ఎంత బిగించాలో" అంటారు. చేతికి తెలీదు. 10/22లో స్టాక్‌ను పట్టుకునే టేక్‌డౌన్ స్క్రూ మ్యాగజైన్ గుంటకు ముందు ఉంటుంది, స్క్రూ ఉక్కు, అది ఎక్కే రిసీవర్ (బోల్ట్, ట్రిగ్గర్ అమరే లోహపు పెట్టె) మాత్రం అల్యూమినియం. గట్టిగా లాగితే పోయేది స్క్రూ కాదు, రిసీవర్ మరలు. నేను 15 ఇంచ్ పౌండ్ల దగ్గర ఆపుతాను, మన లెక్కలో సుమారు 1.7 న్యూటన్ మీటర్లు, అంటే వేళ్లతో బిగించిన దానికంటే కాస్త ఎక్కువ, అంతే. అదే రెమింగ్టన్ 700కి అల్యూమినియం బెడ్డింగ్ బ్లాక్ (రైఫిల్ లోహ భాగం కూర్చునే దిమ్మ) ఉన్న స్టాక్ వేస్తే లెక్క పూర్తిగా వేరు. హెచ్ఎస్ ప్రెసిషన్ వాళ్లు తమ స్టాక్‌కు 65 ఇంచ్ పౌండ్లు చెబుతారు. అంత బలం పిల్లర్లు లేని ఉత్త చెక్క స్టాక్ మీద పెడితే చెక్క నలిగిపోతుంది, పైగా అది వాన తేమకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయి, నెలకో రకంగా ఉంటుంది. అందుకే కదా చెక్కలో పిల్లర్లనే అల్యూమినియం గొట్టాలు దించి, స్క్రూ బలం వాటి మీద పడేలా చేసేది.

ఈ బిగింపు తేడా గురి మీద కనిపిస్తుందా అని అడుగుతారు. బోల్ట్ యాక్షన్‌లో బాగానే కనిపిస్తుంది. రెండు స్క్రూలూ చెరో రకంగా బిగిస్తే యాక్షన్ (రిసీవర్, బోల్ట్ కలిసిన లోహ భాగం) స్టాక్‌లో వంగి కూర్చుంటుంది, నిన్నటిదాకా ఒక్కచోట పడిన గుళ్లు చెల్లాచెదురవుతాయి, ఇక మనం స్కోప్‌ను, తూటాలను, చివరికి గాలిని తిడుతూ కూర్చుంటాం. నేను చేసే పద్ధతి ఇదీ: రైఫిల్‌ను స్టాక్ మడమ (వెనక చివర) నేలకు ఆనించి నిలబెట్టి, రికాయిల్ లగ్ (పేలినప్పటి వెనక్కి తన్నే బలాన్ని స్టాక్‌కు చేరవేసే లోహపు పలక) వెనక్కి స్టాక్‌కు ఆనేలా చూసి, ముందు స్క్రూ, వెనక స్క్రూ కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించి, ఆఖర్న టార్క్ డ్రైవర్‌తో ముందుదీ ఆ తర్వాత వెనకదీ అసలు అంకెకు తెస్తాను.

టార్క్ డ్రైవర్లో నాకు నచ్చనిదీ ఉంది. నాది 10 నుంచి 65 ఇంచ్ పౌండ్ల దాకా స్ప్రింగ్‌తో పనిచేసే రకం, ఏ కంపెనీ అన్నది వదిలేయండి, ఈ రకాలన్నిటికీ ఉన్న గుణమే. నడిమధ్య అంకెల్లో నమ్మకంగా ఉంటుంది, కింది చివర అంతగా ఉండదు, 10/22కి కావాల్సిందేమో ఆ కింది చివరే. వాడటం అయ్యాక స్ప్రింగ్‌ను తక్కువ అంకెకు తిప్పి పెట్టాలి, 65 దగ్గర బిగించి నెలలు వదిలేస్తే స్ప్రింగ్ నీరసపడుతుంది. ఇప్పుడు కొత్తగా కొంటే నేను ఫిక్స్ ఇట్ స్టిక్స్ రకం లిమిటర్లు తీసుకుంటానేమో, 15, 25, 45, 65 అని విడివిడిగా వస్తాయి, తిప్పి సెట్ చేసే గొడవ లేదు, రేంజ్ బ్యాగ్‌లో పడేసుకోవచ్చు. నా పాతది ఇంకా పనిచేస్తోంది కాబట్టి కొనలేదు, కొంటానంటే ఇంట్లో ఒప్పుకోరు కూడా.

అలెన్ కీల దగ్గర మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది ఒకటుంది. ఊరి నుంచి తెచ్చుకున్న సెట్ మిల్లీమీటర్లది. అమెరికన్ రైఫిళ్ల మీద ఎక్కువగా ఇంచీలే. 1/8 ఇంచీ అంటే 3.175 మి.మీ., అందులో 3 మి.మీ. కీ చక్కగా దూరుతుంది, దూరడమే ప్రమాదం. రెండుసార్లు తిప్పేసరికి ఆరు మూలలూ అరిగి గుండ్రమవుతుంది, తర్వాత డ్రిల్లు పెట్టి తీయాల్సిందే. 5/32 ఇంచీ 4 మి.మీ.కి ఎంత దగ్గరంటే, 4 కీ ఒకదాంట్లో ఇరుక్కుంటూ దిగుతుంది, ఇంకోదాంట్లో దిగదు. సుత్తితో దించకండి. ఒక మంచి ఇంచీల సెట్ విడిగా కొనుక్కోండి, పెద్ద ఖర్చేం కాదు.

పిన్నులు కొట్టి బయటికి తీసే పంచ్‌ల గురించి తక్కువే చెబుతాను, స్టాక్ పనికి వాటి అవసరం తక్కువ. రోల్ పిన్ అంటే లోపల బోలుగా ఉండేది, దానికి మొన మధ్యలో చిన్న బొడిపె ఉన్న పంచ్ కావాలి, మామూలు పంచ్‌తో కొడితే పిన్ చివర నలిగి రంధ్రంలో ఇరుక్కుంటుంది. మిగతా చోట్ల ఇత్తడి పంచ్, నైలాన్ సుత్తి చాలు. 10/22 విషయంలో సమస్య రివర్స్, పిన్నులు రావట్లేదని కాదు, వద్దన్నా వచ్చేస్తాయి. స్టాక్ తీయగానే ట్రిగ్గర్ గ్రూప్ పిన్నులూ, వెనకుండే లావాటి బోల్ట్ స్టాప్ పిన్నూ కిందికి జారతాయి, వాటిని పట్టి ఉంచేది స్టాక్ గోడలే మరి. కింద పాత తువ్వాలు పరిచి, పక్కన అయస్కాంతం ఉన్న గిన్నె పెట్టుకుంటే సోఫా కింద టార్చిలైట్ పట్టుకుని వెతుక్కునే పని తప్పుతుంది.

ఇదే రైఫిల్‌లో ఇంకోటి. సేఫ్టీ బటన్‌ను సరిగ్గా మధ్యలో ఆపితేనే యాక్షన్ బయటికొస్తుంది. ఒకవైపు పొడుచుకుని ఉంటే చెక్కకు తగిలి లోపలి అంచు చెక్కుకుపోతుంది. అసలు ఈ పనంతా మొదలెట్టే ముందు మ్యాగజైన్ తీసి, బోల్ట్ లాగి లాక్ చేసి, చాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీ అని కంటితో చూసి, వేలు పెట్టి కూడా చూడాలి. 10/22 ఆఖరి గుండు పేలాక బోల్ట్ తనంతట తాను తెరిచి ఉండదు, మూసి ఉంది కాబట్టి ఏమీ లేదనుకోవడానికి వీల్లేదు. తూటాల డబ్బా వేరే గదిలో పెట్టేస్తాను.

10/22 కంపెనీ స్టాక్ ట్రిగ్గర్ నుంచి మడమ దాకా 13.5 అంగుళాలు, మా ఆవిడకు పొడవైపోయింది. మాగ్‌పుల్ హంటర్ ఎక్స్-22 స్టాక్ వేశాక స్పేసర్లు (పొడవు పెంచే పలకలు) తీసి తగ్గించుకున్నాం, కార్బైన్ బ్యారెల్ బ్యాండ్ (బ్యారెల్‌ను స్టాక్‌కు కట్టే పట్టీ) అక్కర్లేకుండా పోయింది. దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

చెక్క స్టాకుల వెనక రబ్బరు రికాయిల్ ప్యాడ్ మార్చేటప్పుడు మాత్రం ఒక చిట్కా. స్క్రూలు రబ్బరు లోపల దాగి ఉంటాయి, బయట చిన్న చీలికలు మాత్రమే కనిపిస్తాయి. దానికి గుండ్రటి కాడ ఉన్న పొడవాటి ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ కావాలి. ఆరు పలకల కాడ ఉన్న బిట్ పెడితే తిరిగే ప్రతిసారీ మూలలు రబ్బరును కొరుకుతాయి, పని అయ్యేసరికి నల్లటి పొడి రాలి, కనిపించకూడని రంధ్రం ఇంత నోరు తెరుచుకుని కనిపిస్తుంది. కాడకు గిన్నెలు తోమే సబ్బు నీళ్లు ఒక చుక్క రాయండి, కొత్త స్క్రూకు కూడా రాయండి. చీలికలోంచి జారుతూ వెళుతుంది, డ్రైవర్ బయటికి తీయగానే రబ్బరు మూసుకుపోతుంది, స్క్రూ ఎక్కడుందో వెతికినా కనిపించదు.

దండగ ఖర్చులకొస్తే, మొదటిది ప్లాస్టిక్ గన్ వైజ్, అంటే రైఫిల్‌ను పట్టి ఉంచే స్టాండ్. శుభ్రం చేసుకోవడానికి సరే, స్క్రూ మీద కొంచెం బలం పెట్టగానే రైఫిల్‌తో పాటు అదీ తిరుగుతుంది. మడతపెట్టిన దుప్పటి మీద రైఫిల్ పెట్టి, ఇంకొకరిని పట్టుకోమంటే అంతకంటే బాగుంటుంది. రెండోది వందకు పైగా ముక్కలున్న పెద్ద పెట్టెలు. ఒక పరిచయస్తుడు తెచ్చినదాంట్లో సగం బిట్లు తుపాకీకి సంబంధమే లేనివి, సన్నటి మొనలు మొదటి బిగువు స్క్రూకే విరిగాయి. మూడోది ఎర్ర లాక్‌టైట్, స్క్రూ మరలకు రాసే గట్టి జిగురు. స్టాక్ స్క్రూలకు అది అస్సలు వద్దు, విప్పాలంటే 260 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేయాలి, చెక్క పక్కన ఆ వేడి ఎవరు పెడతారు? సరైన టార్క్‌కు బిగిస్తే యాక్షన్ స్క్రూలకు మామూలుగా ఏ జిగురూ అక్కర్లేదు, స్కోప్ మౌంట్లకు కావాలంటే నీలంది వాడుకోండి.

మీకు ఉన్నది ఒకే రైఫిల్, మార్చేది ఒక్కసారే అయితే ఇవన్నీ కొనక్కర్లేదు. ఆ స్క్రూలకు సరిపోయే బిట్లు విడిగా దొరుకుతాయి, అవి తీసుకుని, టార్క్ డ్రైవర్ ఎవరినైనా అడిగి తెచ్చుకోండి. డాలస్ చుట్టుపక్కల ఉన్నవాళ్లైతే మా రేంజ్‌కు శనివారం పొద్దున రండి, నాది ఇస్తాను. తిరిగిచ్చేటప్పుడు మాత్రం స్ప్రింగ్ కిందికి తిప్పి ఇవ్వండి.