వర్చువల్‌బాక్స్: మొరాయించిన రోజున చూసిన పనితనం

చిక్కడపల్లిలోని మా డీటీపీ సెంటర్‌లో పాత శుభలేఖలు, కరపత్రాలు, సావనీర్లు అన్నీ పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7.0లో అను ఫాంట్లతో కంపోజ్ చేసినవే. ఆ ఫాంట్లు అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ పద్ధతివి కావు కనుక, ఆ ఫైళ్లను కొత్త సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే తెలుగుకు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. అందుకే విండోస్ 11 కంప్యూటర్‌లో వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల మరో ఉత్తుత్తి కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టి, దాని లోపల 32 బిట్ విండోస్ ఎక్స్‌పీని నడుపుతున్నాను. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8తోనే ఆగిపోయింది గనుక దానికి నెట్ కనెక్షన్ ఇవ్వలేదు. ఫైళ్ల రాకపోకలన్నీ షేర్డ్ ఫోల్డర్ ద్వారానే.

గత నెలలో కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుండడంతో, పార్క్‌లేన్‌లోని ఒక దుకాణంలో మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ మార్పించాను. గడియారం కుదుటపడింది గానీ ఎక్స్‌పీ లేవలేదు. బ్యాటరీకీ దీనికీ సంబంధం లేదనీ, విండోస్ మళ్లీ వేయాల్సిందేననీ దుకాణంవారు తేల్చేశారు. తెలిసిన మరొకాయన 'సేవ్డ్ స్టేట్'ను, అంటే ఎక్స్‌పీని ఆపిన క్షణాన ఉన్న స్థితిని వర్చువల్‌బాక్స్ దాచిపెట్టిన ఫైలును, డిస్కార్డ్ చేసి చూడమన్నారు. ఆ మాట వినివుంటే, పేజ్‌మేకర్ ఫైలు సేవ్ చేయకుండా ఎక్స్‌పీని ఉన్నదున్నట్టు నిలిపి ఇంటికి వెళ్లిన పాపానికి పదహారు పేజీల సావనీరు గంగపాలయ్యేది.

తీరా చూస్తే, కంగారులో నేను చదవకుండా మూసేసిన ఎర్రర్ పెట్టెలోనే జవాబు ఉంది. బయోస్‌లో (మదర్‌బోర్డు మూల సెట్టింగుల్లో) వీటీ-ఎక్స్, అంటే ఇలాంటి లోపలి కంప్యూటర్లను నడపడానికి ఇంటెల్ ప్రాసెసర్ ఇచ్చే తోడ్పాటు, డిజేబుల్ అయి ఉందని మొదటి వాక్యంలోనే రాసింది. 'షో లాగ్' నొక్కితే వచ్చే చిట్టాలోనూ అదే మాట ఉంది. బ్యాటరీ తీసినప్పుడు మా బోర్డు సెట్టింగులు మొదటికి వచ్చి, ఆ తోడ్పాటు (వర్చువలైజేషన్) ఆగిపోయింది. 32 బిట్ ఎక్స్‌పీకి వీటీ-ఎక్స్ అక్కర్లేదన్న పాత జ్ఞానం నన్ను ఇంకో గంట తిప్పింది; 2019 డిసెంబరులో వచ్చిన 6.1 వెర్షన్ నుంచి ప్రాసెసర్ తోడ్పాటు లేనిదే వర్చువల్‌బాక్స్ ఏ లోపలి కంప్యూటర్‌నూ నడపదని తర్వాత తెలిసింది. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి సీపీయూ వివరాలు చూస్తే, 'వర్చువలైజేషన్' ఎదురుగా 'డిజేబుల్డ్' అని ఉంది. రీస్టార్ట్ చేసి, డిలీట్ కీతో బయోస్‌లోకి వెళ్లి, ఇంటెల్ వర్చువలైజేషన్ టెక్నాలజీని ఎనేబుల్ చేసి, ఎఫ్10తో సేవ్ చేశాను. ఏఎండీ బోర్డుల్లో దీన్నే ఎస్‌వీఎం మోడ్ అంటారు. సావనీరు తొమ్మిదో పేజీలో, కర్సర్ వదిలిన చోటే మెరుస్తూ కనిపించింది.

లోపం ఎక్కడుందో ఇంత సూటిగా చెప్పే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు ఐదులో నాలుగు మార్కులు ఇస్తాను. ఆ సందేశం ఇంజనీర్లకు తప్ప నాలాంటి కంపోజర్లకు తేలిగ్గా అర్థం కాదు గనుక ఒకటి తగ్గించాను. అన్నట్టు, ఉచితమన్నది మూల ప్యాకేజీ వరకే. అదనపు సదుపాయాల కోసం విడిగా దొరికే ఎక్స్‌టెన్షన్ ప్యాక్ సొంత వాడకానికి, చదువుకు ఉచితమే గానీ వ్యాపారానికి వాడితే లైసెన్సు కొనాలి.

ఇప్పుడు వర్చువల్‌బాక్స్ విండో అడుగున ఆకుపచ్చ తాబేలు బొమ్మ ఒకటి కనిపిస్తోంది. విండోస్ తన సొంత రక్షణకోసం హైపర్-వీని (మైక్రోసాఫ్ట్ సొంత వర్చువలైజేషన్ వ్యవస్థను) నడుపుతున్నందువల్ల, వర్చువల్‌బాక్స్ దాని మీదుగా నెమ్మదిగా పనిచేస్తోందని దాని అర్థం. విండోస్ భద్రతా సెట్టింగుల్లో కోర్ ఐసొలేషన్ కింద ఉండే మెమరీ ఇంటెగ్రిటీ వంటి రక్షణలు ఆపితే తాబేలు వెళ్లిపోవచ్చు గానీ, పేజ్‌మేకర్‌కు ఈ వేగం చాలు. దానికోసం కంప్యూటర్ రక్షణ తగ్గించడం ఇష్టంలేక తాబేలును అలాగే ఉండనిచ్చాను.