పాత సిటీ వీటెక్‌కి హెడ్‌లైట్లు: ఎల్ఈడీనా, రిలే వేసిన హాలోజనా, ప్రొజెక్టరా?

"అన్నా, ఏ ఎల్ఈడీ వేయించమంటావ్?"

పాత హోండా సిటీ వీటెక్ ఉన్నవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఎల్ఈడీ వేయించాలా వద్దా అని ఎవరూ అడగరు. అది ముందే తేలిపోయినట్టు, ఏ కంపెనీది అన్నదొక్కటే మిగిలినట్టు అడుగుతారు. మూడేళ్ల కిందట నేనూ అంతే.

నాది 2002 మోడల్. టన్ను పైచిలుకు బండికి 106 హార్స్‌పవర్. దీన్ని స్పోర్ట్స్ కారు అనొచ్చా అని వాదించేవాళ్లున్నారు. టాకోమీటర్ ముల్లు ఐదు వేలు దాటాక ఆ ఇంజిన్ గొంతు ఒకసారి విని రండి, అప్పుడు మాట్లాడుకుందాం. పగలంతా పరుగే గానీ, చీకటి పడితే మాత్రం ఎవరో ముందు లాంతరు పట్టుకుని నడుస్తున్నట్టు ఉండేది. హైదరాబాద్ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద వీధి దీపాలున్నాయి కాబట్టి అక్కడ ఈ సంగతి బయటపడదు. చేవెళ్ల మర్రిచెట్ల రోడ్డులో బయటపడుతుంది. తారు అంచుకి జానెడు దూరంలో మాను, ఎదురుగా హైబీమ్ దించని టిప్పర్, మనది డిమ్ లైటు. ఆ రోడ్డులో హెడ్‌లైటు సత్తా ఎంతో రెండు కిలోమీటర్లలో తెలిసిపోతుంది.

అందుకే మొదట ఎల్ఈడీ బల్బులే వేయించాను. మొదటి రాత్రి అద్భుతంగా ఉంది. కారు ముందు పదిహేను అడుగుల మేర పెళ్లి పందిరిలా వెలిగిపోయింది. రెండో వారం నుంచి ఎదురొచ్చే ప్రతివాడూ నాకు డిప్పర్ కొట్టడం మొదలుపెట్టాడు. నేను డిమ్‌లోనే ఉన్నాను, అయినా కొడుతున్నారు. దానికితోడు లైట్లు వేయగానే ఎఫ్ఎం రేడియోలో నూనెలో ఆవాలు వేసినట్టు చిటపట. నాసిరకం ఎల్ఈడీ డ్రైవర్లతో (బల్బుకి కరెంటు సర్దే చిన్న సర్క్యూట్లు) ఈ గోల మామూలేనని తర్వాత తెలిసింది. నాలుగో నెలలో కుడి బల్బు వెనకున్న ఫ్యాను ఆగింది, బల్బు మినుకుమంది. షాపతను వారంటీ మాటెత్తగానే ఫోను పక్కనబెట్టాడు.

అప్పుడు రాణిగంజ్‌లో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాను. పెద్దాయన. కొత్త బల్బులేవైనా చూపిస్తాడనుకుంటే మల్టీమీటర్ తీశాడు. పాత హాలోజన్ (ఫిలమెంటు) బల్బులు మళ్లీ పెట్టించి, ఇంజిన్ ఆన్‌లో ఉంచమని, డిమ్ వేయమన్నాడు. బ్యాటరీ మీద చూస్తే 13.8 వోల్టులు. తర్వాత బల్బు కనెక్టర్ ఊడదీయకుండానే దాని వెనక నుంచి ప్రోబ్ దూర్చాడు. ఎడమ పక్క 11.9, కుడి పక్క 12.1.

"బల్బు తప్పేం లేదు సార్. దానికి తిండే అందట్లేదు" అన్నాడు.

కనెక్టర్ ఊడదీసి చూస్తే ఇది దొరకదు. లోడు లేనప్పుడు ఎంత తుప్పు పట్టిన వైరైనా బ్యాటరీ వోల్టేజీనే చూపిస్తుంది. బల్బు వెలుగుతూ, కరెంటు పారుతూ ఉన్నప్పుడే అసలు రంగు బయటపడుతుంది. మీరు చూసుకునేటప్పుడు కూడా ఇలాగే చూడండి.

పాత కార్లలో హెడ్‌లైటు కరెంటు చాలా దూరం తిరిగి వస్తుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజు బాక్సు, అక్కడి నుంచి స్టీరింగ్ కింద స్విచ్చు, మళ్లీ సన్న వైర్ల మీద ముందుకి, నాలుగైదు కనెక్టర్లు దాటి బల్బుకి. ఇరవై ఏళ్ల పచ్చతుప్పు ప్రతి జాయింటులోనూ కాస్త కాస్త తినేస్తుంది. హాలోజన్ వెలుగు వోల్టేజీతో సమానంగా తగ్గదు, అంతకంటే చాలా వేగంగా పడిపోతుంది. వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు దాదాపు ముప్పై శాతం పోతుంది. మామూలు హెచ్4 బల్బు (డిమ్, హై రెండూ ఒకదాంట్లోనే ఉండే రకం, నాదీ అదే) 13.2 వోల్టుల దగ్గర డిమ్‌లో సుమారు 1000 ల్యూమెన్లు, హైలో 1650 ఇవ్వాలి. నా బల్బు ఆ లెక్కకు దరిదాపుల్లో కూడా లేదు.

ఎల్ఈడీ సంగతి ఇక్కడే అర్థమైంది. దాని డ్రైవర్ వోల్టేజీ కాస్త తగ్గినా సర్దుకుంటుంది, పైగా తక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి వైర్లలో నష్టమూ తక్కువే. అందుకే పాత కారులో ఎల్ఈడీ పెట్టగానే మబ్బు విడిపోయినట్టు ఉంటుంది. మనం పోల్చేది ఎల్ఈడీని హాలోజన్‌తో కాదు. ఎల్ఈడీని, ఆకలితో నీరసించిన హాలోజన్‌తో. కడుపునిండా పెట్టిన హాలోజన్ ఎలా ఉంటుందో మనలో చాలామంది చూడనేలేదు.

పెద్దాయన చేసిన పని ఇది. బ్యాటరీ ప్లస్ నుంచి నేరుగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, బ్యాటరీ పక్కనే 15 ఆంపియర్ల ఫ్యూజులు, డిమ్‌కి ఒక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చు), హైకి ఒక రిలే, బల్బు దగ్గర పింగాణీ హోల్డర్లు. పాత స్విచ్చు కరెంటు ఇప్పుడు రిలేను లేపడానికి మాత్రమే. ఎర్త్ బోల్టు (మైనస్ వైరుని బాడీకి కలిపేది) విప్పి, దాని కింద పెయింటు గీకి, మెరిసే ఇనుము కనబడ్డాకే బిగించాడు. పోయిన వోల్టేజీలో 0.6 వోల్టులు ఒక్క ఎర్త్ దగ్గరే పోతున్నాయట. అంతా అయ్యాక హోల్డర్ దగ్గర 13.4. లెక్క వేస్తే అదే 60/55 వాట్ల (హైకి 60, డిమ్‌కి 55) బల్బు నుంచి దాదాపు ఒకటిన్నర రెట్లు వెలుగు. మంచి బల్బులతో కలిపి నాకు మూడు వేల లోపు అయింది. ఎల్ఈడీ జతకి అంతకంటే ఎక్కువే పోసుకున్నాను.

రిలే కిట్టు కొనేముందు ఒకటి చూసుకోండి. కొన్ని జపాన్ కార్లలో హెడ్‌లైటు స్విచ్చు ప్లస్‌ని కాకుండా ఎర్త్‌ని కలుపుతుంది. అంటే డిమ్, హై రెండింటికీ ఉమ్మడిగా ఉండే పిన్నుకి ఎప్పుడూ ప్లస్ ఉంటుంది, డిమ్, హై తేడా ఎర్త్ వైపు జరుగుతుంది. బజారులో దొరికే రెడీమేడ్ కిట్టు అలాంటి కారుకి తగిలిస్తే డిమ్, హై తారుమారవుతాయి, లేదా మీటర్‌లో హైబీమ్ చూపించే నీలం లైటు పిచ్చిపిచ్చిగా వెలుగుతుంది. ముందు టెస్ట్ ల్యాంపుతో చూసుకుంటే ఐదు నిమిషాల పని.

హాలోజన్‌కి లోపాలు లేవని కాదు. వోల్టేజీ పెరిగితే బల్బు ఆయుష్షు తగ్గుతుంది. నూటికి నూరు శాతం ఎక్కువ వెలుగు అని డబ్బా మీద రాసుకునే రకాలైతే ఇంకా త్వరగా పోతాయి. నాకు ఏడాదికి ఒక జత మార్చాల్సి వస్తోంది. రంగు కూడా పసుపే. కొత్త కారు పక్కన సిగ్నల్ దగ్గర ఆగితే మనది పాతకాలం బండని ఎవరికైనా తెలుస్తుంది. అది మీకు ముఖ్యమైతే నేను చెప్పేదేమీ లేదు.

మరి ఎల్ఈడీకి ఎదుటివాళ్లు ఎందుకు డిప్పర్ కొట్టారు? హెచ్4 హాలోజన్ బల్బు చేతిలోకి తీసుకుని చూడండి. డిమ్ ఫిలమెంటు కింద చిన్న రేకు దొన్నె ఉంటుంది. కిందికి పోయే వెలుగుని అది ఆపేసి, రిఫ్లెక్టర్ పై సగానికి మాత్రమే పంపుతుంది. ఎదుటివాడి కళ్లను కాపాడేది ఆ దొన్నే. రిఫ్లెక్టర్‌ని గీసింది ఆ సన్నటి ఫిలమెంటు సరిగ్గా ఏ చోట ఉంటుందో లెక్కగట్టి. ఎల్ఈడీ బల్బులో వెలుగు పలకకి రెండు వైపులా అతికించిన చిప్పుల నుంచి వస్తుంది. చిప్పు ఒక మిల్లీమీటరు అటూఇటూ అయితే చాలు, రోడ్డు మీద పడాల్సింది కొంత పైకి చిమ్ముతుంది, కొంత బంపర్ ముందే పోగుపడుతుంది. దగ్గర అంత తెల్లగా ఉంటే మన కంటిపాప ముడుచుకుపోయి దూరం ఇంకా చీకటవుతుంది. మర్రిమాను దూరంలో కదా ఉండేది!

ఖరీదైన ఎల్ఈడీలలో సన్నటి పలక, చిప్పు సరైన చోట, దొన్నె కూడా ఉన్నవి వస్తున్నాయి. స్నేహితుడి కారులో ఒకటి చూశాను, నేను వేయించినదానికంటే చాలా నయం. అయినా సెల్లార్ గోడ మీద కట్-ఆఫ్ గీత, అంటే వెలుగు పై అంచు, హాలోజన్ అంత పదునుగా లేదు. ఏది వేసినా సరే, గోడ పరీక్ష మాత్రం తప్పదు. గోడకి ఐదు మీటర్ల దూరంలో సమతలం మీద కారు ఆపి, హెడ్‌లైటు మధ్యభాగం ఎత్తుని గోడ మీద చాక్‌పీసుతో గుర్తు పెట్టండి. డిమ్ వేస్తే వెలుగు పై అంచు ఆ గుర్తుకి ఐదారు సెంటీమీటర్లు కిందుండాలి, ఎడమ పక్క కాస్త పైకి లేవాలి.

ఆ ఎడమ లేపుడు ప్రొజెక్టర్లు (ముందు లెన్సు ఉండే ల్యాంపులు) కొనేవాళ్లకి మరీ ముఖ్యం. మనది ఎడమ పక్క నడిచే దేశం, జపానూ అంతే. కాబట్టి జపాన్ బజారు కోసం చేసిన ల్యాంపు మనకి సరిపోతుంది. అమెరికా బజారుదైతే కుడికి లేస్తుంది, నేరుగా ఎదుటివాడి అద్దంలోకి. దొరికింది కదా అని తెచ్చుకుని బిగించాక లబోదిబోమన్నవాళ్లని చూశాను.

సరిగ్గా చేయిస్తే అన్నిటికంటే మంచి వెలుగు బై-జెనాన్ (డిమ్, హై రెండూ ఒకే జెనాన్ బల్బుతో ఇచ్చే) ప్రొజెక్టర్‌దే, దానితో నాకు పేచీ లేదు. కత్తితో గీసినట్టు కట్-ఆఫ్, రోడ్డు వెడల్పంతా సమానంగా పరుచుకునే కాంతి. పేచీ అంతా ల్యాంపు తెరవడంలో. వేడి చేసి సీలు వదిలించాలి, లోపల రిఫ్లెక్టర్ కోయాలి, మళ్లీ నీరు దిగకుండా మూయాలి. ఇరవై ఏళ్ల ల్యాంపు చేతిలో పగిలితే కొత్తది కంపెనీలో అడిగి తెచ్చుకునే రోజులు పోయాయి. అసలు జత దాచుకుని, స్క్రాప్‌లో దొరికిన జత మీద ప్రయోగం చేయగలిగితే చేయండి. వేసేటప్పుడు 4300 కెల్విన్ (కాంతి రంగు కొలత) దగ్గర ఆగండి. నీలం పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది, స్టైలు పెరుగుతుంది.

మామూలు రిఫ్లెక్టర్‌లో హెచ్ఐడీ (జెనాన్) కిట్టు వద్దు, ఎల్ఈడీకి చెప్పినవన్నీ దీనికి రెండింతలు. 100/90 బల్బులూ వద్దు. డిమ్‌లోనే వంద దగ్గర వాట్లు లాగి పాత వైర్లనీ హోల్డర్‌నీ కరిగిస్తాయి, చాలా డబ్బాల మీద ఆఫ్‌రోడ్‌కి మాత్రమే అని రాసే ఉంటుంది.

చట్టం గురించి కూడా అడుగుతుంటారు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చొద్దంటుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. మన బండ్లు పదిహేనేళ్లు దాటాయి, ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రిన్యువల్‌కి ఆర్టీఓ ముందు నిలబడాలి. రిలే వేసినా నా బల్బు అదే హెచ్4, అదే 60/55. ఆ రోజు నాకు టెన్షన్ లేదు.

ఇక ఇండికేటర్లు. ఇక్కడ నేను ఎల్ఈడీని అంతగా తిట్టను, కానీ తమాషా ఒకటుంది. 21 వాట్ల బల్బు తీసి ఎల్ఈడీ పెట్టగానే ఇండికేటర్ డబుల్ స్పీడులో టిక్‌టిక్‌మంటుంది. కరెంటు తగ్గిందంటే బల్బు పోయిందని ఫ్లాషర్ (ఇండికేటర్‌ని మినుకుమనిపించే డబ్బీ) అనుకుంటుంది మరి. షాపులో దీనికి రెసిస్టర్ తగిలిస్తారు. సాధారణంగా 6 ఓమ్‌లది, 13.5 వోల్టుల దగ్గర అది ఒక్కటే ముప్పై వాట్లు తింటుంది. చెయ్యి పెడితే కాలుతుంది, పక్కన ప్లాస్టిక్ ఉంటే మెత్తబడుతుంది. ఎల్ఈడీ పెట్టి ఆదా చేసిందంతా దాని వేడికే సరి. దానికి బదులు ఎల్ఈడీలకి పనికొచ్చే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ వేయించుకోండి. నారింజ గాజు వెనక తెల్ల ఎల్ఈడీ పెడితే మసకబారుతుంది, నారింజ రంగుదే పెట్టాలి.

నేనైతే ముందు తెల్ల గాజు ఇండికేటర్లు పెట్టి, లోపల నారింజ పూత పూసిన పీవై21డబ్ల్యూ బల్బులు వేశాను. హోల్డర్ కూడా దానిదే ఉండాలి. మామూలు 21 వాట్ల బల్బుకి రెండు పిన్నులు ఎదురెదురుగా ఉంటాయి, దీనివి కాస్త ఓరగా ఉంటాయి. కోఠీలో హోల్డర్ లేకుండా బల్బులొక్కటే కొనుక్కొచ్చి, సెల్లార్‌లో ఫోన్ టార్చి నోట్లో పెట్టుకుని అరగంట తిప్పాక నాకీ సంగతి తెలిసింది.